పొయ్యి తలుపు పాడైతే ఏం చేయాలి?

గత సంచికలో పాదాల పుండ్ల గురించి నేర్చుకున్నాం. ఈ సంచిక పాఠం వంటింట్లో, కట్టెల పొయ్యి దగ్గర మొదలవుతుంది. ఇనుప తలుపు గురించి ఆసుపత్రి పత్రికలో రాయడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. కాలిన చేతులకు కట్లు కడుతూ, అవి ఎక్కడ ఎలా కాలాయో అడగడం మొదలుపెట్టిన తర్వాతే మా ఆలోచన మారింది.

ఒక వానాకాలం ఉదయం ఓ.పి.కి ఒక పెద్దావిడ కుడి చేతికి పాత చీర ముక్క చుట్టుకుని వచ్చింది. చాలా ఏళ్ళ క్రితం కుష్ఠు వ్యాధికి మందులు పూర్తిగా వాడి నయమైన మనిషి. వ్యాధి పోయింది గాని చేతుల్లో స్పర్శ తిరిగి రాలేదు. గుడ్డ విప్పి చూస్తే అరచేతిలోనూ, రెండు వేళ్ళ లోపలి వైపునా పెద్ద బొబ్బలు.

"ఎప్పుడు కాలిందమ్మా?" అని సిస్టర్ అడిగింది.

"కాలిన సంగతి నాకెట్లా తెలుస్తుంది సిస్టరమ్మా? వాసన వస్తే చూసుకున్నా" అందామె.

వాళ్ళింట్లో పొగగొట్టం ఉన్న ఇటుక పొయ్యి. కొడుకు శ్రద్ధగానే కట్టించాడు. దాని నోటికి ఇనుప తలుపు. అంతకు ముందు సంవత్సరం తలుపు పిడికి ఉన్న కర్ర కాలి ఊడిపోయింది. తర్వాత కింది బందు తెగింది. అప్పటినుంచి తలుపు ఒక పక్కకు వేలాడుతోంది. మూయాలంటే చేత్తో పైకి ఎత్తి నెట్టాలి. కోతలయ్యాక బాగు చేయిస్తానని కొడుకు చెప్పాడట. ఆ కోతలు వచ్చే లోపు ఆమె రోజుకు రెండు పూటలా కాలిన ఇనుమును పట్టుకుని ఎత్తింది. ఆ పుండు మానడానికి వారాలు పట్టింది. ఒక వేలు ఇప్పుడు పూర్తిగా చాపలేదు.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల చేతుల మీద ఎన్నో సంవత్సరాలు పని చేశారు. వేళ్ళు పోవడానికి అసలు కారణం వ్యాధి వాటిని తినేయడం కాదనీ, నొప్పి తెలియని చేతికి రోజూ తగిలే దెబ్బలు, కాలిన గాయాలేననీ ఆయన గమనించి చెప్పారు. వేడి గిన్నె, మొద్దు పిడి ఉన్న పనిముట్టు, పొయ్యి తలుపు, ఇలాంటివే ఆ దెబ్బలకు మూలం. చక్కెర వ్యాధి చాలాకాలంగా ఉన్నవారికి పాదాలలోనూ, కొందరికి చేతులలోనూ ఇలాంటి తిమ్మిరే వస్తుంది. మూర్ఛ వ్యాధి ఉన్నవారు పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఫిట్ వస్తే నేరుగా మంట మీద పడతారు. పాకే పిల్లలు బయటికి దొర్లిన నిప్పును బొమ్మ అనుకుని పట్టుకుంటారు. తలుపు సరిగా మూసుకునే పొయ్యి వీళ్ళందరికీ ఒక అడ్డు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో, కొత్త ఇల్లు కట్టుకునేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలనీ, లేకపోతే అక్కడినుంచి ఎవరైనా పడితే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందనీ ఉంది. మా గృహకూటంలో ఆ భాగం ధ్యానిస్తున్నప్పుడు ఒక అన్నయ్య, "మా ఇంటికి మేడ లేదు గదా, మాకేం పిట్టగోడ?" అన్నాడు. వాళ్ళావిడ వెంటనే, "పొయ్యికి తలుపు పెట్టించు, అదే మన పిట్టగోడ" అంది. ఈ పాఠం రాయాలన్న ఆలోచన మాకు అక్కడే వచ్చింది.

తలుపు చేసే పని

మూడు రాళ్ళ పొయ్యికి తలుపు అక్కర్లేదు, పొగ అన్ని వైపులా పోతుంది. పొగగొట్టం ఉన్న పొయ్యి సంగతి వేరు. గొట్టంలోని వేడి గాలి పైకి లేచి, తన వెనుక పొయ్యి నోటిలోనుంచి గాలిని లోపలికి లాగుతుంది. అయితే గొట్టం ఎంత లాగగలదో దానికి ఒక హద్దుంది. నోరు ఆ హద్దుకంటే పెద్దగా తెరుచుకుంటే కొంత పొగ వెనక్కి, వండే మనిషి ముఖం మీదికి వస్తుంది. చల్లగాలి ఎక్కువగా లోపలికి పోయి మంట వేడి తగ్గుతుంది, కట్టె ఎక్కువ కాలుతుంది. తలుపు నోటిని తగినంతగా మూస్తుంది, నిప్పు బయటికి దొర్లకుండా ఆపుతుంది, మంటకు కావలసిన గాలిని కొలిచి ఇస్తుంది. అది పాడైతే పొగగొట్టం కోసం పెట్టిన డబ్బు సగం వృథా అయినట్టే.

ఇది మేము ఊహించి చెబుతున్న మాట కాదు. మన పక్కనున్న ఒడిశాలో 44 గ్రామాలలోని సుమారు 2,600 కుటుంబాలతో పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యిల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ అనే పరిశోధకులు నాలుగేళ్ళ వరకు ఆ ఇళ్ళను గమనించారు. మొదటి సంవత్సరం ఆడవాళ్ళు పీల్చే పొగ తగ్గింది. తర్వాత ఆ లాభం కనబడలేదు. ఆరోగ్యంలోనూ, కట్టెల ఖర్చులోనూ తేడా రాలేదు. కారణం ఏమిటంటే, ఇళ్ళవాళ్ళు ఆ పొయ్యిలను సరిగా వాడలేదు, చెడిపోయినప్పుడు బాగు చేసుకోలేదు. మన దేశంలో 1983లో మొదలై 2002లో ముగిసిన మెరుగైన పొయ్యిల జాతీయ పథకం మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఇచ్చింది. వాటిలో చాలావాటి కథ కూడా ఇంతే. కొత్తది ఇచ్చినంత సులభంగా, పాడైన భాగం మార్చడం నేర్పలేదు.

బాగా ఉన్న పొయ్యి ఏం చేయగలదో కూడా తెలుసుకుందాం. గ్వాటెమాలా దేశపు కొండ ప్రాంతాలలో జరిగి 2011లో వెలువడిన పరిశోధనలో, పొగగొట్టం పొయ్యి ఉన్న ఇళ్ళలో పసిపిల్లలు పీల్చే పొగ దాదాపు సగానికి తగ్గింది. అన్ని రకాల న్యుమోనియా కలిపి చూస్తే తగ్గుదల నిశ్చయంగా తేలలేదు గాని, తీవ్రమైన న్యుమోనియా మాత్రం సుమారు మూడో వంతు తగ్గింది. అక్కడ ప్రతి వారం ఇంటికి వెళ్ళి పొయ్యి బాగుందో లేదో చూసేవారు. మనం గుర్తించవలసిన సంగతి అది.

తప్పు తలుపుదేనా?

డాక్టరుగారు దగ్గు అనగానే టీబీ మందు రాయరు గదా. అలాగే పొగ వెనక్కి వస్తోందని వెంటనే తలుపు మార్చకండి. ముందు పొగగొట్టం చూడండి. మసి పేరుకుని గొట్టం ఇరుకైపోతే ఎంత మంచి తలుపు పెట్టినా పొగ ఇంట్లోకే వస్తుంది. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు, గిన్నెలు పెట్టే కన్నాలన్నీ మూసి, ఒక కాగితం ముక్క వెలిగించి పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. మంట లోపలికి వంగితే గొట్టం లాగుతోందని అర్థం. నిటారుగా నిలబడినా, బయటికి వంగినా గొట్టం దులిపించండి. రెండో కన్నం మీద గిన్నె లేకుండా వదిలేసినా పొగ వస్తుంది, దానికి తలుపును తిట్టి లాభం లేదు. పచ్చి కట్టె సంగతి చెప్పనక్కర్లేదు.

గొట్టం బాగుంటే అప్పుడు తలుపు దగ్గరికి రండి. రాత్రి వంట అంతా అయి పొయ్యి పూర్తిగా చల్లారాక, వెలిగించిన టార్చిలైటు లోపల పెట్టి తలుపు మూయండి. వంటింట్లో దీపం ఆర్పండి. తలుపు చుట్టూ ఎక్కడెక్కడ వెలుతురు కనబడుతుందో అక్కడక్కడ సందు ఉంది. సన్నని గీతలా వెలుగు కనబడితే భయం లేదు, పొయ్యికి కొంత గాలి కావాలి. వేలు పట్టేంత సందు ఉంటే అక్కడినుంచి నిప్పురవ్వ కూడా వస్తుంది.

తలుపు పలక వంకర పోయిందా, చట్రం గోడలోనుంచి కదిలిందా అనేది వేరు చేసి చూడాలి. ఎక్కువ ఇళ్ళలో మేము చూసింది రెండోది. ఇనుము వేడికి సాగుతుంది. 30 సెంటీమీటర్ల పొడవున్న ఇనుప చట్రం 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. చుట్టూ ఉన్న మట్టి, ఇటుక అంత పెరగవు. రోజూ రెండుసార్లు సాగి, రెండుసార్లు ముడుచుకుంటే చట్రం తన చుట్టూ ఉన్న మట్టిని తానే పగలగొట్టుకుంటుంది. ఇలాంటి చోట తలుపు మార్చనక్కర్లేదు. చట్రం తీసి, చుట్టూ కొద్దిగా ఖాళీ వదిలి, మెత్తని బంకమట్టిలో వరి ఊక, కొంచెం ఇసుక కలిపి ఆ ఖాళీ నింపాలి. సిమెంటు మాత్రం వద్దు. గట్టిగా ఉంటుందని అందరూ సిమెంటే పెడతారు. పొయ్యి నోటి దగ్గరి వేడికి అది పగుళ్ళు వేసి రాలిపోతుంది.

బందు మాత్రమే అరిగితే బందు మార్చండి. పిడి మాత్రమే పోతే పిడి పెట్టించండి. ఆ పెద్దావిడ ఇంట్లో మొదటి సంవత్సరం కావలసింది ఒక చిన్న కర్ర పిడి మాత్రమే. పోత ఇనుము తలుపు చిట్లితే సంగతి వేరు. మామూలు వెల్డింగ్ రాడ్డుతో అతికిస్తే ఆ అతుకు పక్కనే మళ్ళీ చిట్లుతుంది. దానికి ప్రత్యేకమైన రాడ్డు, ముందుగా వేడి చేసే ఓపిక కావాలి. చిన్న ఊళ్ళలో అది దొరకడం కష్టం కాబట్టి చిట్లిన పోత తలుపును మార్చడమే మంచిది. వేడిగా ఉన్న పోత తలుపు మీద నీళ్ళు చల్లితే చిట్లుతుందని కూడా గుర్తుంచుకోండి. నిప్పు ఆర్పే తొందరలో చాలామంది చేసే పని ఇది.

మేము చేసిన పొరపాటు

ఇతరులకు పాఠం చెప్పే ముందు మా సంగతి చెప్పాలి. ఆసుపత్రి వెనుక రోగుల బంధువులు వండుకునే వంటశాలలో ఒక పెద్ద కట్టెల పొయ్యి ఉండేది. దాని తలుపు ఊడిపోతే తక్కువ ధర చెప్పిన ఒక వెల్డింగ్ షాపులో కొత్తది చేయించాం. కొలతలు మేమే కాగితం మీద రాసిచ్చాం, వండేవాళ్ళను ఒక్క మాట అడగలేదు. పలక మందం ఎంతో కూడా అడగలేదు. వచ్చింది సన్నని రేకు. చూడటానికి నల్లరంగు వేసి నిగనిగలాడుతోంది. మొదటి రోజు ఆ రంగు కాలిన కంపుకు వంటశాలలో ఎవరూ నిలవలేకపోయారు. రెండు నెలలకు రేకు మధ్యలో ఉబ్బి అప్పడంలా తయారైంది. గడియ పడటం మానేసింది. బంధువులు ఒక కట్టెను ఆనించి తలుపు మూసేవారు. ఒక సాయంత్రం ఆ ఆనించిన కట్టె అంటుకుని కింద పడింది. అక్కడ ఆ సమయానికి పిల్లలెవరూ లేకపోవడం దేవుని కృప. తప్పు షాపువాళ్ళది కొంత, అడగని మాది ఎక్కువ.

రెండోసారి వండే అమ్మలను కూర్చోబెట్టి అడిగాం. మేము కలలో కూడా అనుకోని సంగతి వాళ్ళు చెప్పారు. "మీరు పెట్టిన తలుపు మూసుకునేదెట్లా అయ్యగారూ? మా కట్టెలు పొడుగు గదా!" నిజమే. మన వైపు సరుగుడు కట్టె గాని, కంది కంప గాని, కొబ్బరి మట్ట గాని పొడుగ్గానే పొయ్యిలో పెట్టి, కాలిన కొద్దీ లోపలికి నెడతాం. కట్టె సగం బయట ఉంటే ఏ తలుపూ మూసుకోదు. తలుపు తెరిచే ఉంచుతారు, కొన్నాళ్ళకు అడ్డమని పీకేస్తారు. పొయ్యి తలుపులు చాలా ఇళ్ళలో మూలన పడి ఉండటానికి మేము చూసిన మొదటి కారణం ఇదే.

దీనికి రెండు దారులు. ఒకటి, కట్టెను పొయ్యి లోతుకంటే చిన్నదిగా, సుమారు జానెడున్నర పొడవున కొట్టించుకోవడం. ఇంట్లో గొడ్డలి పట్టే మగవాళ్ళు ఉంటే ఇది మంచి దారి. ఆ పని కూడా ఆడవాళ్ళ నెత్తిన వేస్తే నెల తిరక్కుండానే మానేస్తారు, వాళ్ళను తప్పు పట్టలేం. రెండో దారి, తలుపు కింది అంచులో రెండు మూడు కట్టెలు పట్టేంత గాడి వదిలి, మిగతా నోరంతా మూసుకునేలా తలుపు చేయించుకోవడం. పొగ పైనుంచే వస్తుంది కాబట్టి పైభాగం మూసుకుంటే చాలావరకు ఆగుతుంది. అయితే ఆ గాడిలోనుంచి నిప్పు జారకుండా పొయ్యి ముందు ఒక వరుస ఇటుకలు అడ్డం పెట్టాలి. మా వంటశాలలో రెండో దారినే ఎంచుకున్నాం.

కొత్త తలుపు ఎంచుకునేటప్పుడు

పోత ఇనుము తలుపు వేడికి సులభంగా వంకర పోదు, చాలా ఏళ్ళు వస్తుంది. కింద పడితే, దెబ్బ తగిలితే పగులుతుంది. మెత్తని ఉక్కు పలకతో చేసిన తలుపు పగలదు, ఊళ్ళోనే వెల్డింగ్ చేయించుకోవచ్చు, కాని పలచనిదైతే వంగిపోతుంది. ఇంటి పొయ్యికి 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం పలక అడగండి. వెనుక వైపు అడ్డంగా ఒక ఇనుప పట్టీ వేయించండి. షాపులో మందం కొలిచే సాధనం లేకపోతే తూకం వేయించండి. 25 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలక సుమారు రెండు కిలోలు తూగుతుంది. కిలో కూడా తూగకపోతే మీకిస్తున్నది రేకే.

తలుపు లోపలి వైపు వేలెడు దూరంలో మరో చిన్న పలకను రెండు బోల్టులతో బిగిస్తే మంట నేరుగా దానికే తగులుతుంది. అసలు తలుపు వంగదు, బయట అంతగా కాలదు. రెండు మూడేళ్ళకు ఆ లోపలి పలక ఒక్కటే మార్చుకోవచ్చు. ఖర్చు కొంచెం ఎక్కువ గాని చేతుల్లో స్పర్శ లేనివారు, పిల్లలు ఉన్న ఇంట్లో ఇది తప్పకుండా చేయించమని చెబుతాం.

తలుపు నోటిలోపల ఇరుక్కునేలా కాకుండా, చట్రం మీద చుట్టూ ఒక సెంటీమీటరు పైకి వచ్చేలా ఉండాలి. అప్పుడు వేడికి సాగినా పట్టుకోదు. బందులు మామూలు తలుపులకు వాడే సన్న బందులు వద్దు. పైకి ఎత్తితే ఊడి వచ్చే లావు చీల బందులు చేయించండి. చీల కొద్దిగా వదులుగానే ఉండాలి. శుభ్రం చేయాలంటే తలుపు తీసి పక్కన పెట్టుకోవచ్చు. తెరిచినప్పుడు తలుపు గోడ వైపుకు పోయేలా బందులు ఏ పక్కన ఉండాలో ముందే చూసుకోండి. కాలిన తలుపు నడిచే దారిలోకి తెరుచుకోకూడదు.

పిడి గురించి మరీ మరీ చెబుతున్నాం. తలుపు మధ్యలో వంచి అతికించిన ఇనుప కడ్డీ పిడి కాదు, అది వాత పెట్టే కడ్డీ. పిడి తలుపు నుంచి కనీసం నాలుగు వేళ్ళ దూరం బయటికి రావాలి, కింది సగంలో ఉండాలి, చివర కర్ర పిడి ఉండాలి. ఆ కర్ర ఊడితే మళ్ళీ పెట్టుకునేలా నట్టు బిగించి ఉండాలి. గడియ తన బరువుకు తానే పడేది మంచిది. వేళ్ళు వంగిపోయినవారు కూడా ఒక కర్ర కొసతో దాన్ని లేపగలరు. చేతులకు స్పర్శ లేనివారు పిడి ఎంత మంచిదైనా గుడ్డతో గాని పట్టకారుతో గాని పట్టుకోవాలి. వంట అయ్యాక రెండు చేతులూ వెలుతురులో తిప్పి చూసుకోవాలి. చూపు సరిగా లేకపోతే మనవలను పిలిచి చూపించుకోండి, పిల్లలకు ఆ పని ఇష్టం.

కొన్ని వస్తువులు పొయ్యికి పనికిరావు. తెల్లగా మెరిసే జింకు పూత రేకును కాల్చినా, వెల్డింగ్ చేసినా వచ్చే పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, దగ్గు వస్తాయి. పురుగుమందుల డబ్బాలు, రంగులు, రసాయనాల డ్రమ్ములు కోసి చేసిన తలుపులు ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. తలుపు అంచుకు చుట్టే తెల్లని ఆస్బెస్టాస్ తాడు కొన్ని కొట్లలో దొరుకుతుంది. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరితే చాలా ఏళ్ళ తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు, క్యాన్సరు కూడా రావచ్చు. పాత తలుపుకు అలాంటి తాడు ఉంటే పొడిగా గీకకండి. నీళ్ళతో బాగా తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని తీసి, ప్లాస్టిక్ సంచిలో మూటగట్టండి. అడిగేటప్పుడు గ్లాసు ఫైబరు తాడు అని అడగండి. మన మట్టి పొయ్యిలకు అసలు తాడే అక్కర్లేదు.

చలి దేశాలలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు పంపిన ఫోటోలలో అద్దం తలుపు ఉన్న ఇనుప పొయ్యిలు కొందరు చూసే ఉంటారు. అవి ఇల్లు వెచ్చబెట్టడానికి. ఆ అద్దం కిటికీ అద్దం కాదు, వేడికి తట్టుకునే సిరామిక్ రకం. పగిలితే మామూలు అద్దం వేయించకూడదని, పొయ్యి మీద ఉన్న మోడల్ నంబరు చూసి అదే కంపెనీ భాగాన్ని తెప్పించుకోవాలని మీ పిల్లలకు చెప్పండి. అక్కడివాళ్ళు తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగి చూస్తారు. సులభంగా జారి వస్తే తలుపు చుట్టూ ఉన్న తాడు మార్చే సమయం వచ్చిందని గుర్తు.

తలుపు వచ్చేవరకు

వీలైతే ఆ పొయ్యి వాడకండి. గ్యాసు ఉన్న ఇళ్ళవారు ఆ నాలుగు రోజులూ గ్యాసు మీదే వండుకోండి. 1999లో మొదలైన దీపం పథకం వల్ల, 2016లో మొదలైన ఉజ్వల పథకం వల్ల మన సంఘంలో చాలా ఇళ్ళకు గ్యాసు వచ్చింది. అయినా స్నానాల నీళ్ళకు, పశువుల దాణాకు, పండుగ వంటలకు కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంది. పొగకు కట్టె కంటే గ్యాసు మేలని మేము ఎప్పుడూ చెబుతాం. పాడైన తలుపు మార్చే ఖర్చు, సిలిండరు ఖర్చు పక్కపక్కన పెట్టి ఒకసారి లెక్క వేసుకోండి.

పొయ్యి తప్పనిసరి అయితే, ఊడిపోయే తలుపును తీసేసి, నోటి ముందు రెండు మూడు ఇటుకలు స్థిరంగా నిలబెట్టండి. తీగతో కట్టడం, కట్టె ఆనించడం వద్దు. పిల్లలను అడ్డగీత గీసి దూరంగా కూర్చోబెట్టండి. మూర్ఛ ఉన్నవారు ఆ రోజుల్లో ఒంటరిగా వండకూడదు.

ఇంకో హెచ్చరిక. తలుపు కొత్తగా బిగించాక, వెచ్చదనం నిలవాలని నిప్పులు ఉండగానే తలుపునూ పొగగొట్టాన్నీ కూడా మూసి అదే గదిలో పడుకోకండి. బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి కిటికీలు మూయడం కూడా ఇలాంటిదే. పొగ కనబడకపోయినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి వాసన ఉండదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు, మగత వస్తే అది జలుబు కాదు. అందరినీ బయటి గాలిలోకి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి.

చేయి కాలితే గాజులు, ఉంగరాలు వెంటనే తీసేసి, కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి. గడియారం చూసి 20 నిమిషాలు. నొప్పి లేదని ముందే తీయకండి, స్పర్శ లేని చేతికి నొప్పి ఉండదు. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, నెయ్యి ఏవీ రాయవద్దు. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి. ముఖం, చేతులు, కీళ్ళు కాలినా, పసిపిల్లలకు ఎంత చిన్నగా కాలినా ఆసుపత్రికి రావాలి.

పాఠం మొదట్లో చెప్పిన ఆ పెద్దావిడ ఇంటికి మా సిస్టర్లు వెళ్ళి చూశారు. కొడుకు కొత్త తలుపు చేయించాడు. లోపలి పలక ఉంది, కర్ర పిడి ఉంది. కాని గడియ చాలా గట్టిగా ఉంది, ఆమె వేళ్ళతో లేవడం లేదు. మళ్ళీ షాపుకు తీసుకెళ్ళి గడియ వదులు చేయించాడు. కొత్త తలుపు తెచ్చుకున్న ప్రతివారూ బిగించకముందే వండేవారి చేతికిచ్చి పదిసార్లు తెరిపించి, మూయించి చూడాలి. బిగించాక మట్టి ఆరేవరకు మూడు రోజులు చిన్న మంటే పెట్టాలి.

కొలతలు తీయడం తెలియనివారు పొయ్యి నోటి మీద ఒక పాత వార్తాపత్రిక పెట్టి, మసి చేత్తో అంచులు గీసి, ఆ కాగితాన్ని స్త్రీల సమాజం కూటానికి తీసుకురండి. పొయ్యి లోతు, మీరు వాడే కట్టె పొడవు కూడా ఒక దారంతో కొలిచి ముడి వేసి తెండి. షాపుకు ఏం రాసివ్వాలో అక్కడ కలిసి చూద్దాం.